ఆదివారం రా, తలంటాలి

నూనెబాబాయికి బట్టతల. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. కొత్తగా ఎవరొచ్చినా అతనూ ముందు అదే చెబుతాడు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువాలు చుట్టి, అద్దంలోంచి వాళ్ల కళ్లలోకి చూస్తూ, "చూశారుగా, నా దగ్గర దాపరికం లేదు. బక్కపల్చటి వంటవాణ్ణి అనుమానించాలి గానీ బట్టతల ఉన్న తలంటేవాణ్ణి అనుమానించకూడదు. నా జుట్టంతా మీలాంటివాళ్లకి పంచిపెట్టేశాను" అంటాడు. నవ్వినవాళ్ల మాడు కాస్త వదులవుతుంది. అక్కడినుంచి పని తేలిక.

ఈ నిజాయితీ అతనికి ఉగ్గుపాలతో వచ్చింది కాదు. మూడేళ్ల కిందట, సరిగ్గా నాలుగు నెలలపాటు, అదే తల మీద దట్టమైన నల్లజుట్టు ఉండేది. అది పోతూ పోతూ ఒక్కటే పోలేదు, అతని అక్కని కూడా పట్టుకుపోయింది.

అతని గది పాత దుకాణాల సముదాయంలో మెట్ల కింద ఉంది. కప్పు ఏటవాలుగా దిగుతుంది. కాస్త పొడుగున్నవాళ్లు లోపలికి వస్తూనే నుదురు కొట్టుకుంటారు. తలనొప్పి బాబాయే ఇచ్చి, బాబాయే తీస్తాడని పక్క కొట్టులో తాళాలు చేసే అమ్మాయి వెక్కిరిస్తుంటుంది. మూతపడ్డ పళ్ల ఆసుపత్రి నుంచి కొన్న కుర్చీ ఒకటి. వెనక్కి వాల్చినప్పుడల్లా పాత రోగులందరి తరఫునా అదే ఓ కేక పెడుతుంది. నీళ్లు కాగే కెటిలు, వేడినీళ్లలో తేలే చిన్న స్టీలు గిన్నె, గోడకి మూడు సీసాలు: గుంటగలగర, ఉసిరి, బ్రాహ్మి. బయట బోర్డు మీద "పోయిన నిద్ర తిరిగి వచ్చును" అని ఉంటుంది. అందులో 'నిద్ర' అన్న మాట మిగతా అక్షరాల కంటే కొత్తగా, కొంచెం వంకరగా ఉంటుంది. ఆ వంకర సంగతి తర్వాత.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బావ వచ్చాడు. బావంటే అక్క భర్త. లిఫ్టులు బాగుచేసే పని. మాటా అలాంటిదే: తలుపు తెరుచుకుంటుంది, లోపల ఎవరూ ఉండరు, మళ్లీ మూసుకుంటుంది. మూడేళ్లలో ఆయన ఈ గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు. జేబులోంచి దళసరి అట్టచీటీ ఒకటి తీసి బాబాయి చేతిలో పెట్టాడు. చిల్లుకి దారం కూడా ఉంది. బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లకి కట్టే చీటీ అది. 'వస్తువు', 'దొరికిన చోటు', 'తేదీ' అన్న గడులన్నీ వదిలేసి, వాటికి అడ్డంగా అక్క దస్తూరిలో ఒక్క వరస:

ఆదివారం రా. తలంటాలి.

"ఏంటి బావా ఇది?"

"చీటీ."

"చీటీ అని కనబడుతూనే ఉంది. తలంటాలంటే? ఎవరు, ఎవరికి?"

"అందులో ఉందిగా."

"అదొక్కటే లేదు బావా."

బావ చీటీ తీసుకుని తిరగేసి చూశాడు. వెనకా ఏమీ లేదు. "మీ అక్క రాసింది. మీ భాష మీకే తెలియాలి," అని లేచి, వెళుతూ వెళుతూ ఏటవాలు కప్పుకి తల తగిలించుకుని, బోర్డు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మన భాషలో సుఖమూ అదే, కష్టమూ అదే. కర్త లేకుండా వాక్యం చెప్పుల్లేని మనిషిలా హాయిగా నడిచిపోతుంది. తలంటాలి. ఎవరు అంటాలి? ఎవరి తల? చమురుతో అంటాలా, నోటితో అంటాలా? ప్రపంచంలో చాలామంది తలకి నూనె రాసుకుంటారు, అందరూ తిట్లు తింటారు. ఆ రెంటికీ ఒకటే మాట పెట్టుకున్న ఘనత మాత్రం మనది. 'నిన్న మా ఆఫీసరు బాగా తలంటాడు' అని ఎవరైనా అంటే, ఆ ఆఫీసరుది ఎంత మెత్తని చెయ్యో అని మురిసిపోయేవాడు పరాయివాడన్నమాట.

కానీ బాబాయికి ఈ తికమక నిఘంటువులోంచి వచ్చింది కాదు. వాళ్లింట్లో చిన్నప్పుడు ఆ మాటకి రెండర్థాలు ఉండేవి కావు, ఒకటే ఉండేది. అమ్మకి తీరికుండేది కాదు గనక వారానికోసారి తమ్ముడి తల అక్క వాటా. ముందు పీట వేసి, మోకాళ్ల మధ్య వాడి భుజాలు ఇరికించి, గోరువెచ్చటి నూనె మాడు మీద పోసి మొదలుపెట్టేది. చేతులతో పాటు నోరూ. వారం రోజుల నేరాలు వరసగా. "సోమవారం పలక ఎక్కడ పారేశావురా?" అంటే వేళ్లు నడినెత్తిన గుండ్రంగా తిరుగుతున్నాయన్నమాట. "ఆ అబద్ధం నీకు నేర్పిందెవర్రా?" అంటే కణతల దగ్గరికొచ్చాయి. "ఇంకోసారి చేస్తావా?" అన్నప్పుడు జుట్టు పిడికిళ్లతో పట్టి మెల్లగా పైకి లాగేది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేలోపే వాడు నిద్రపోయేవాడు. నేరాలు ఒప్పుకోకుండానే మాఫీ అయిపోయేవి.

అక్క పెద్దదై బస్సు డిపోలో చేరింది. పోయిన సామాన్ల కౌంటరు. గొడుగులు, కళ్లజోళ్లు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరివో కట్టుడుపళ్లు. ప్రతిదానికీ చీటీ, రిజిస్టరులో వరస, అలమారలో అర. ఏడాదిలోగా ఎవరూ అడగకపోతే వేలం. ఇరవై రెండేళ్లలో ఆమె అలమారలోంచి ఒక్క గుండీ కూడా తప్పిపోలేదు.

తమ్ముడు మాత్రం చాలాసార్లు తప్పిపోయాడు. వానలు పడని ఏడు చూసి గొడుగులు అమ్మాడు. సినిమా హాల్లో టార్చిలైటుతో జనానికి సీట్లు చూపించాడు, తన సీటు తప్ప. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దితే తప్పులు పెరిగాయని తీసేశారు. ఓడలో ఉల్లిపాయలు తరిగి, సముద్రంలో ఉప్పు అంతా తన కళ్లలోంచి వెళ్లిందేనని చెప్పుకున్నాడు. సర్కసు డేరాకి మేకులు కొట్టాడు. లైబ్రరీలో పుస్తకాలు సర్దమంటే, సర్దడం మాని చదువుతూ కూర్చున్నాడు. ఫొటో స్టూడియోలో "నవ్వండి, నవ్వండి" అనే ఉద్యోగం చేశాడు. జనం నవ్వారు గానీ ఫొటోల్లో కాదు. ఏడూ అయ్యాక ఎనిమిదోది, ఒక ముసలి వైద్యుడి దగ్గర ఆకులు నూరి నూనె కాచే పని. ఆ పనిలో మాత్రం చేతులు నిలిచాయి. కారణం పెద్ద రహస్యం కాదు: ఆ వైద్యుడు తల మీద వేళ్లు ఎలా తిప్పాలో చూపిస్తుంటే అవి అక్క వేళ్లలాగే ఉన్నాయి.

ఆ వైద్యుడు మితభాషి. పాత గ్రంథాల్లో తలకి నూనె అంటడం గురించి రాసినవన్నీ ఆయనకి కంఠతా వచ్చు: తలనొప్పి పోతుంది, వెంట్రుకల కుదుళ్లు గట్టిపడతాయి, కమ్మటి నిద్ర పడుతుంది. అన్నీ అప్పజెప్పి చివర్న తన మాట ఒకటి చేర్చేవాడు. "జుట్టు ఊడ్డానికి సవాలక్ష కారణాలురా అబ్బాయ్. తండ్రి, తాత, జ్వరం, దిగులు, తిండి. మన చేతిలో ఉన్నది గోరువెచ్చటి నూనే, నిదానంగా కదిలే వేళ్లూ. జుట్టు గురించి అడిగితే నవ్వు. నిద్ర గురించి అడిగితే మాట ఇయ్యి."

తొమ్మిదో ఉద్యోగంగా సొంతంగా గది తీసుకున్నప్పుడు బాబాయి ఆ సలహాని తలకిందులు చేశాడు. బోర్డు మీద "పోయిన జుట్టు తిరిగి వచ్చును" అని రాయించాడు. ఆ బోర్డు చూసి అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒరేయ్, పోయినవి తిరిగొచ్చేది నా కౌంటర్లోరా, నీ కొట్లో కాదు," అంది. ఆ మాటే అతని కొంప ముంచింది. కౌంటర్లో తిరిగొస్తాయంటే, కౌంటర్నుంచే తెచ్చుకోవచ్చు కదా?

అప్పటికే జనం రావడం, బోర్డు చూడ్డం, బాబాయి నెత్తి చూడ్డం, వెనక్కి తిరగడం జరుగుతోంది. ఒకరోజు అక్క దగ్గరికెళితే, "రెండు నిమిషాలు చూస్తుండరా, టీ తెస్తాను," అని తాళాలగుత్తి బల్ల మీద పెట్టి వెళ్లింది. మూడో అలమార, రెండో అర. నల్లటి విగ్గు ఒకటి, ఎడమ చెవి దగ్గర చిన్న తెల్ల చారతో, ఏడు నెలలుగా పడి ఉంది. బాబాయి తనతో తను సుదీర్ఘంగా, అంటే నిమిషంన్నర, వాదించుకున్నాడు. విగ్గు పోగొట్టుకున్నవాడు ఏ మొహంతో వచ్చి అడుగుతాడు? సిగ్గుపడతాడు. కనక రాడు. కనక ఇది ఎవరిదీ కాదు. కనక ఒక్క వారం. తర్కశాస్త్రాన్ని కనిపెట్టినవాళ్లు తమ విద్య ఇలా విగ్గులు ఎత్తుకుపోవడానికి పనికొస్తుందని ఊహించి ఉండరు.

ఒక్క వారం నాలుగు నెలలైంది. కొట్టు కిటకిటలాడింది. "నేనూ మీలాగే ఉండేవాణ్ణండీ," అని బాబాయి తల ఎగరేస్తే, జుట్టు అర సెకను ఆలస్యంగా ఎగిరేది. ఎవరూ గమనించలేదు. కోరిక ఉన్నచోట కళ్లు మూసుకునే ఉంటాయి.

ఒక సాయంత్రం ఒక క్లారినెట్టు వాయిద్యగాడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నున్నటి గుండు, పెద్దమనిషి తరహా. నూనె పోసి వేళ్లు తిప్పడం మొదలెట్టాక ఆయన అద్దంలో తన తల చూసుకోవడం మానేసి బాబాయి తల చూడసాగాడు. కాసేపయ్యాక మర్యాదగా అడిగాడు.

"ఆ చెవి దగ్గర తెల్ల చార మీకు పుట్టుకతోనా?"

"ఆ ఆ. మా వంశంలో అందరికీ ఉంటుందండి."

"నాకూ ఉండేది. నమ్మకంగా కనబడాలని నేనే చెప్పి పెట్టించుకున్నాను. ఎండగా ఉందని బస్సులో తీసి ఒళ్లో పెట్టుకున్నాను, నిద్రపట్టింది, దిగేశాను." ఆయన అద్దంలోని చార వైపు వేలు చూపించాడు. "ఒక్క సందేహం. ఇప్పుడు నాకు మీరు తలంటుతున్నారా, నా జుట్టే తలంటుతోందా?"

బాబాయి విగ్గు తీసి రెండు చేతులతో అందించాడు. వాయిద్యగాడు పుచ్చుకోలేదు. ఆయనకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. కానీ సంగీతం నేర్చినవాడు, తాళం తప్పితే ఒప్పుకోడు. పోయిన వస్తువు రిజిస్టరులో సంతకం చేసే తీసుకుంటానన్నాడు. మర్నాడు ఇద్దరూ డిపోకి వెళ్లారు. ఖర్మ చాలక ఆ వేళ కౌంటరు దగ్గర పై అధికారి నిలబడి ఉన్నాడు. రిజిస్టరులో వస్తువుంది, అలమారలో లేదు, తమ్ముడి చేతిలో ఉంది.

అక్క సంజాయిషీలో 'నా అజాగ్రత్త వల్ల' అని ఒక్క ముక్క రాసి, తాళాలగుత్తి బల్ల మీద పెట్టేసింది. ఆమెని వెనక గదిలోకి, టికెట్ల కట్టలు కట్టే పనికి మార్చారు. అక్కడ కిటికీ లేదు, వచ్చి అడిగేవాళ్లు లేరు. రెండేళ్లు ఆ గదిలో చేసి రిటైరయింది.

తిడుతుందని బాబాయి మెడ వంచి ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. ఆ రోజూ తిట్టలేదు, మర్నాడూ తిట్టలేదు. వారం పోయాక ఇంటికెళితే తలుపు తీసి, "రండి. కూర్చోండి. టీ తాగుతారా?" అంది.

మీరు! అక్క నోటివెంట తమ్ముడికి 'మీరు'! ఆమె చెప్పుచ్చుకుని కొట్టినా ఇంత దెబ్బ తగిలేది కాదు. మరో రెండుసార్లు వెళ్లాడు. "ఆరోగ్యం బాగుందా అండీ?" అని అడిగింది. పుట్టిన క్షణంనుంచి తనని 'ఒరేయ్' అన్న మనిషి 'అండీ' అంటే, ఆ 'అండీ' తగిలించింది గౌరవానికి కాదు, గొళ్లానికి. ఇక వెళ్లలేదు. పెయింటర్ని పిలిచి బోర్డు మీద 'జుట్టు' చెరిపి 'నిద్ర' రాయించాడు. పెయింటరు నిచ్చెన కురచగా ఉండడంతో ఆ మాట వంకరొచ్చింది. బాబాయి దిద్దించలేదు. తనకి అంతకంటే తిన్నటి మాట నప్పదనుకున్నాడు.

అందుకే చీటీలో 'తలంటాలి' కంటే ముందు అతని కళ్లకి తగిలింది దాని ముందున్న మాట. చీటీ పట్టుకుని పక్క కొట్టుకి పరిగెత్తాడు.

"అమ్మాయ్, ఇది చూడు. 'రా' అని ఉంది కదూ? 'రండి' కాదు కదూ?"

తాళాలమ్మాయి ఆకురాయి పక్కన పెట్టి, చీటీని వెలుతురుకేసి పట్టుకుని చూసింది. "రా. స్పష్టంగా రా. సగం తాళం తెరుచుకుంది బాబాయ్."

"మిగతా సగం?"

"నీ నెత్తిన పడుతుంది. ఇది తిట్టడానికే. నూనె పెట్టించుకోవాలంటే ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. పైగా జుట్టున్నవాళ్లు."

"మరింకేం. మూడేళ్ల బాకీ తిట్లు. చెవుల్లో దూది పెట్టుకెళ్లు."

"దూదా? ఒక్క ముక్క కూడా పోనివ్వను!"

తిట్లు తినడానికి ఇంత తహతహలాడే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. ఆ రెండ్రోజులూ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ, "ఆదివారం కొట్టు మూసేస్తానండి. మా అక్క తిట్టడానికి పిలిచింది," అని పెళ్లిపిలుపులా చెప్పుకున్నాడు.

ఆదివారం బయల్దేరేముందు నూనె సంచీ తీసుకెళ్లాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఆలోచించాడు. చదువుకున్నవాడు గనక ఆలోచన మరీ లోతుకి వెళ్లింది. ఆమె కోపానికి మూలం ఈ కొట్టు. కొట్టు వాసన తగిలితే కోపం రాజుకుంటుంది. అగ్నికి ఆజ్యం పోయడం సామెత. తైలం పోయడం తన సొంత పైత్యం అవుతుంది. సంచీ కుర్చీలోనే వదిలేసి, శుభ్రంగా చేతులు కడుక్కుని, మూడు అరటిపళ్లు కొనుక్కుని వెళ్లాడు.

అక్కావాళ్లది మూడో అంతస్తు. లిఫ్టు తలుపుకి 'పనిచేయదు' అని బావ స్వహస్తాలతో రాసిన అట్ట వేలాడుతోంది. బాబాయి మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, మెడ వంచి, తలుపు తట్టాడు.

తీసింది అక్క. జుట్టు విరబోసుకుని ఉంది. అరవై దాటినా ఆ జుట్టు నడుందాకా ఉంది, తెల్లగా, పెళుసుగా. భుజాల మీద పాత దుప్పటి ముక్క కప్పుకుంది. కళ్ల కింద రెండు నల్లటి గుంటలు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఎదురైతే కథల్లో ఏం జరుగుతుందో బాబాయి బోలెడు చదివాడు. శపథాలు, శాపాలు, సర్వనాశనాలు. మారుమాట్లాడకుండా లోపలికెళ్లి, గది మధ్య నేల మీద చతికిలబడి, బోడితల ముందుకు వంచాడు.

అక్క వచ్చి, అతనికెదురుగా వేసి ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని, తనూ తల ముందుకు వంచింది.

ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఒక గుండూ, ఒక జుట్టూ, నడుమ జానెడు జాగా. కిటికీ దగ్గర పేపరు చదువుతున్న బావ కాగితం దించి చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఊఁ, కానియ్యి," అంది అక్క నేలని చూస్తూ.

"నువ్వే కానియ్యక్కా," అన్నాడు బాబాయి నేలని చూస్తూ.

"నేనేం కానియ్యాలి?"

"తిట్టు."

అక్క తలెత్తింది. అతని చేతులు చూసింది. అరటిపళ్లు చూసింది. "నూనె ఏదీ?"

"నూనెతో ఏం పని?"

మూడేళ్లుగా మూతపడి ఉన్న గేటు తెరిచినట్టు, వచ్చింది ఆ మాట.

"ఒరేయ్!"

బాబాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడలో ఉల్లిపాయలకి కూడా అలా తిరగలేదు.

"ఒరేయ్ వెధవా, నీ పనేమిట్రా? తలంటడం! తలంటాలి, రారా అని కబురు పెడితే తలంటేవాడు నూనె లేకుండా వస్తాడా? అరటిపళ్లు తెచ్చాడు, అరటిపళ్లు! అవి మర్దనా చేస్తావా నా నెత్తికి?"

"తిడతావనుకున్నానక్కా."

"నిన్ను తిట్టడానికి చీటీ రాయాలా? ఏడాదైంది నాకు కంటిమీద కునుకు పడి. తెల్లారేదాకా కప్పు చూస్తూ పడుకుంటున్నాను. డాక్టరు మాత్రలిచ్చాడు, అవి మింగితే మర్నాడంతా మత్తు. మీ బావ వచ్చి, మీ తమ్ముడి కొట్టు మీద నిద్ర తిరిగొస్తుందని రాసుందే అన్నాడు. సరే, ఈసారి బోర్డన్నా నిజం చెబుతోందేమో చూద్దామని పిలిచాను. వీడేమో..."

బాబాయి బావ వైపు తిరిగాడు. "ఇదంతా ఆ రోజు చెప్పొచ్చుగా బావా?"

"ఎందుకని అడగలేదుగా," అంది పేపరు.

"మరి అప్పుడు ఎందుకు తిట్టలేదక్కా?" అడిగాడు బాబాయి. "నేను మెడ వంచుకుని కూర్చున్నాను. నువ్వు మీరన్నావు."

"తిడితే ఆ పూటతో అయిపోతుందిరా. నువ్వు హాయిగా నిద్రపోతావు. ఎప్పుడూ జరిగేదదే కదా. అంత చవగ్గా వదిలిపెట్టబుద్ధి కాలేదు." తర్వాత జుట్టు వెనక్కి తోసుకుంటూ అంది. "ఎవరూ అడగని సామాను ఏడాది దాటితే వేలం వేసేవాళ్లం. నిన్ను మూడేళ్లు అట్టే పెట్టాను. పో, వంటింట్లో ఏ నూనె ఉందో తీసుకురా. ఊరికే కూర్చోకు."

వంటింట్లో మామూలు నువ్వులనూనె ఉంది. గిన్నెలో పోసి, వేడినీళ్ల గిన్నెలో తేల్చి, మణికట్టు లోపలివైపు చుక్క వేసుకుని చూసుకున్నాడు. వేడి తెలిసీ తెలియనట్టుండాలి. "వాసన లేదు గానీ, నా మూడు సీసాల్లోనూ ముప్పావువంతు ఇదే అక్కా. మిగతా పావు ఆకులు, నా కబుర్లు" అన్నాడు.

"కబుర్లు తగ్గించి వెయ్యి."

నడినెత్తిన నూనె పోసి వేళ్లు ఆనించాడు. అప్పుడు తట్టింది: వేల తలలు పట్టిన ఈ చేతులు అక్క తలని ఎన్నడూ తాకలేదు. ఆమె మాడు ఎముకకి అతుక్కుపోయినట్టు బిగుసుకుని ఉంది. నిద్రలేనివాళ్లందరికీ అలాగే ఉంటుంది, కానీ ఇంత బిగువు అతను చూడలేదు. కిటికీ లేని గది మొత్తం ఆ తోలు కింద ఉన్నట్టనిపించింది. గోరు తగలనివ్వకుండా, వేలికొసలతో, చిన్న చిన్న సున్నాలు. తోలు ఎముక మీద కదలాలి, వేళ్లు తోలు మీద కాదు. కణతలు. చెవుల వెనక. ఎడమ చెవి వెనక వేలికి చిన్న బొడిపె తగిలింది.

"ఇదేంటక్కా?"

"నీ బొంగరం. ఆరేళ్లప్పుడు నువ్వు నా మీదికి విసిరింది."

"నేనా?"

"కాదు, ఆ వాయిద్యగాడు! అక్కణ్ణుంచి మొదలెడతాను, విను."

మొదలెట్టింది. బొంగరం దెబ్బ, దాన్ని అమ్మ దగ్గర పిల్లి మీదికి నెట్టడం, పారేసిన పలకలు, చింపేసిన మార్కుల కాగితం, గొడుగులు. గొడుగుల దగ్గర ఆమె మెడ వదులైంది. టార్చిలైటు దగ్గర గొంతు దిగింది. బాబాయి వేళ్లు ఆ గొంతు వెంటే నడిచాయి. ఆ నడక అతనికి కొత్త కాదు. ప్రూఫుల దగ్గర ఒక తిట్టు రెండుసార్లు వచ్చింది. జుట్టు పిడికిళ్లతో పట్టి మెల్లగా పైకి లాగాడు. "ఓడెక్కుతున్నానని... ఒక్క ముక్క చెప్పకుండా... ఉల్లిపాయలు తరగడానికి... ఇంట్లో లేవా ఉల్లి..." అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. తల అతని అరచేతుల్లోకి బరువుగా ఒరిగింది.

నిద్రపోయిన తల మీంచి చేతులు చటుక్కున తీయకూడదు. ఇది ఆ పనిలో మొదటి పాఠం. బాబాయి కదల్లేదు. పిక్కలు పట్టేశాయి. ముక్కు దురద పెట్టింది. గోడగడియారం రెండున్నర నుంచి మూడుంబావుకి నడిచింది. కిటికీలో ఎండ అక్క పాదాల మీంచి గోడ మీదికి పాకింది. బావ పేజీ తిప్పబోయి, చప్పుడవుతుందని ఆగిపోయి, చదివిన పేజీనే మళ్లీ చదివాడు. చాలాసేపటికి మెల్లగా అన్నాడు.

"పడుకుందా?"

"ఊఁ."

"ఏడాది." ఆయన పేపరు ఒళ్లో పెట్టుకున్నాడు. "పక్కన నేనూ మెలకువగానే ఉండేవాణ్ణి."

లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఈసారి లోపల మనిషున్నాడు. బాబాయి తల మాత్రం ఊపాడు.

మూడున్నరకి కింద ఎవరిదో స్కూటరు గట్టిగా అరిచింది. అక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. కాసేపు ఎక్కడుందో తెలియనట్టు చూసి, నోటి చివర తుడుచుకుని, చుట్టూ ఉన్నవాళ్లేదో తప్పు చేసినట్టు ముఖం పెట్టింది.

"నేనేం నిద్రపోలేదు. ఒరేయ్, ఎక్కడిదాకా తిట్టాను?"

"ఓడదాకా అక్కా. ఉల్లిపాయల దగ్గర ఆగావు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అంటే విగ్గు దగ్గరికి ఇంకా రానే లేదన్నమాట."

"మధ్యలో నాలుగు ఉద్యోగాలున్నాయి."

"తెలుసు. రాసిపెట్టుకున్నాను." జిడ్డుజుట్టు ముడి చుట్టుకుంటూ లేచింది. "వచ్చే ఆదివారం రా. నూనె తెచ్చుకో. ఆ అరటిపళ్లు ఇలా ఇయ్యి."

బాబాయి మెట్లు దిగుతూ, జిడ్డు చేతుల్ని తుడుచుకోవడానికి ఇంకేమీ లేక తన గుండుకే రాసుకున్నాడు. రాసుకుంటూ లెక్క వేశాడు. ఆదివారానికి నాలుగు ఉద్యోగాల చొప్పున తిడితే, వచ్చే వారంతో ఎనిమిదీ అయిపోతాయి. ఆ పై వారం విగ్గు. ఆ తర్వాత? ఆ తర్వాత తిట్టడానికి ఏముంటుంది?

రెండో అంతస్తు దగ్గర ఆగి ఆలోచించాడు. కావాలంటే, తను చేయని ఉద్యోగాలు ఓ ఐదారు ఒప్పుకోవచ్చు.